చుక్కల తీర్పు

గోదావరిఖనిలో మా వీథి స్త్రీలము ఇరువదిమందిమి కలిసి 2019 నుండి నెలనెల చీటీ వేసికొనుచున్నాము. నెలలో మొదటి ఆదివారమున, ఉదయపు షిఫ్టువారు గనికి పోయి, రాత్రి షిఫ్టువారు ఇంట నిద్రించు వేళ, ఎవరో యొకరి వరండాలో చేరుదుము. మా వారు బడిపంతులు. ఆ కారణముననో, నా దస్తూరి గుండ్రముగా నుండుటచేతనో, చీటీ పుస్తకము వ్రాయు పని నాకు తగిలినది. నేను బడికి పోయి చదివినదానను కాను. మా తాతగారు ఇంటివద్దనే భారత భాగవతములు చదివించిరి. పద్దులు వ్రాయుట మాత్రము పెండ్లియైన పిదప నేర్చితిని.

ఆ పుస్తకమునకు వెనుకవైపున ఖాళీ పుటలు చాల యుండెను. మణుగూరునుండియో, భూపాలపల్లినుండియో బదిలీమీద క్రొత్తగా క్వార్టరునకు వచ్చిన గృహిణి మొదట అడుగునది "ఇక్కడ రవికలు బాగుగా కుట్టువారెవరు? కుళాయి బాగుచేయువాడెవడు? నీళ్లు కలుపక పాలు పోయువారెవరు?" అనియే కదా! అడిగినప్పుడెల్ల చెప్పుటకంటె ఒకచోట వ్రాసి యుంచుట మేలని తోచినది. ఆ వెనుకపుటలలో పేరులను, వాని ప్రక్కన మా మా యభిప్రాయములను వ్రాయ మొదలిడితిమి. "పనిమంతుడు." "ధర హెచ్చు." "రమ్మన్న దినమున రాడు." "వంట రుచిగా నున్నది గాని ఉప్పు మెండు." ఇట్టివి.

ఏడాది తిరుగునప్పటికి చీటీకంటె ఆ పుటలకే గిరాకి హెచ్చినది. దానితోపాటు జగడములును వచ్చినవి. కరెంటు పనివానిని ఒకామె "పొగరుబోతు" అని వ్రాసెను. ఆతని మేనత్త మా చీటీలోనే యున్నదని ఆమె యెరుగదు! ఆ నెల చీటీ పాట సగములో నాగిపోయినది. అప్పుడందరును కలిసి నామీద నొక పెద్దరికము పెట్టిరి. ఏ మాట యుండవలెనో, ఏ మాట కొట్టివేయవలెనో నేను నిర్ణయింపవలెను. నేను సంతోషముగా నొప్పుకొంటిని. సోదరీమణులారా, ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మా సంతోషమే.

మా వెనుకవీథిలో ఒక కుట్టుపనియామె యుండెడిది. భర్త ఓపెన్ కాస్టులో కాంట్రాక్టు కూలిగా పనిచేసి, జబ్బుచేసి మరణించెను. కాంట్రాక్టు కూలి గనుక ఆమెకు కంపెనీలో వారసత్వపుటుద్యోగము రాలేదు. ఇద్దరు పిల్లలు, ఒక కుట్టుమిషను, ఆ పుస్తకములో తన పేరున కెదురుగా మేము వ్రాసిన ఆరేడు మంచి మాటలు, ఇంతియే ఆమె యాస్తి. 2022 శ్రావణమాసమున, వ్రతములును పెండ్లిండ్లును మెండుగా నున్నవేళ, మాలో పలుకుబడి గల యొక గృహిణి ఇట్లు వ్రాసెను: "పట్టు రవిక. నాలుగు దినములు ఆలస్యము. చేతులు పొట్టి. మిగిలిన గుడ్డ తిరిగి యియ్యలేదు."

చివరి వాక్యము చదివి కలము పట్టుకొని కొంతసేపు కూర్చుంటిని. గుడ్డ తిరిగి యియ్యలేదనగా దొంగిలినదనియే కదా చదువువారి కర్థమగును. కాని వ్రాసినామె భర్త గనిలో ఓవర్‌మన్. మా వీథిలో సగము ఇండ్లవారు ఆయనక్రింద పనిచేయువారే. ఆమె మాటను కొట్టివేయుటకు నాకు చేయి రాలేదు. ఉండనిచ్చితిని. కుట్టినామెను పిలిచి ఒక్కమాట అడుగవలెనని నాకు తోచనైన తోచలేదు. ఈ సంగతిని మాత్రము నేను నేటికిని మరువజాలకున్నాను.

దసరానాటికి ఆమె వాకిట గుడ్డల మూటలు తగ్గినవి. సంక్రాంతినాటికి మిషను చప్పుడే అరుదైనది. ఒకనాటి మధ్యాహ్నమామె మా యింటికి వచ్చి గడపవద్దనే నిలిచి, "అక్కా, మీ బుక్కుల నా గురించి ఏందో రాసిండ్రట. జర సదివి చెప్పుండ్రి" అనెను. చదివితిని. ఆమె ఏడువలేదు, కోపపడలేదు. ఆ నాలుగు దినములును చిన్నవాడు డెంగీ జ్వరముతో కరీంనగరములో ఆసుపత్రిలో నుండెనని చెప్పెను. గుడ్డ సంగతి యేమనగా, రవికగుడ్డ చీరతో వచ్చినదేనట, దాని పొడుగు ఎనుబది సెంటీమీటర్లేనట. మోచేతివరకు చేతులు కావలెనన్నచో చాలదని ఆ నాడే వారి కోడలితో చెప్పితినని కూడ అనెను.

మరునాడు నేనా గృహిణి యింటికి పోయి, మాటలలో పెట్టి, ఆ చీర చూపుమంటిని. చీర కొంగున అంటించిన కాగితమింకను ఊడలేదు. చీర అయిదున్నర మీటర్లు, రవిక ఎనుబది సెంటీమీటర్లని అచ్చుపడి యున్నది. ఆమె దానిని చూచి "మీటరనుకొంటినే!" యని నొచ్చుకొన్నది. కోడలు తలవంచుకొన్నది. అందులో దుష్టు లెవ్వరును లేరు. ఒక మాట ఒకచోట చెప్పబడి మఱియొకచోటికి చేరలేదు, అంతే.

నేను వచ్చి పుస్తకములో ఆ వాక్యమును ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. కొట్టివేసిన మాటను చదువనివారుందురా? తరువాతి నెల పుస్తకము విప్పిన ప్రతివారును మొదట దానినే వెలుతురునకు పట్టి చదివిరి. ఉగాదికి ముందే ఆమె పిల్లలను తీసికొని గోదావరి దాటి మంచిర్యాలకు పోయినది. అక్కడ నొక తయారుబట్టల దుకాణములో, కొలతలు సరిచేయు పనికి దినకూలిగా కుదిరినదని విన్నాను.

ఒక చీటీ పుస్తకపు వెనుకపుట ఒక యింటి పొయ్యి నార్పినది. మరి నేడు మన యందరి చేతులలోను ఫోను రూపమున నున్న పుస్తకము సంగతి యేమి?

భోజనము తెచ్చియిచ్చు కుర్రవాడు పొట్లమందిచ్చి మెట్లు దిగకముందే ఫోను మనల నడుగును: ఎన్ని చుక్కలు? ఆటో యెక్కి దిగినను, బట్టలు తెప్పించుకొన్నను, నగరములలోనైతే ఇంటికి వచ్చి తల దువ్వి, కనుబొమలు తీర్చి, స్నానపుగది కడిగి పోయినను ఇదే ప్రశ్న. అయిదు చుక్కలలో ఎన్నో కొన్ని నొక్కి మనము మరచిపోవుదుము. ఆ చుక్కలు మరచిపోవు.

ఈ సంగతి నాకు తెలిపినవాడు మా వారివద్ద చదువుకొన్న యొక పిల్లవాడు. తండ్రి గనిలో ముప్పదేండ్లు పనిచేసి దిగిపోయెను. పిల్లవాడు డిగ్రీ ముగించి బండిమీద భోజనపు పొట్లములు మోయుచున్నాడు. ఆశ్చర్యమేమున్నది? 1990 ప్రాంతములలో సింగరేణి సంస్థలో లక్షకు పైబడి పనివారుండిరి. నేడు సుమారు 40 వేలమంది. బొగ్గు తగ్గలేదు, యంత్రములు హెచ్చినవి. గనిలో చోటు దొరకని కొడుకులు లక్ష్మీనగర్ బజారునుండి ఎన్.టి.పి.సి. వరకు, బొగ్గు లారీల నడుమ రాజీవ్ రహదారిమీద, నలువదియైదు డిగ్రీల యెండలో మన యన్నము మోయుచున్నారు.

ఒకనాడు మా యింటికే వాడు వచ్చెను. గుర్తుపట్టి మంచినీళ్లిచ్చి, వాని యెదుటనే ప్రేమతో నాలుగు చుక్కలు నొక్కితిని. వాడు నీళ్ల చెంబు దించి, "అమ్మా, నా వల్ల ఏమన్న తప్పయిందా?" అని యడిగెను. నేను తెల్లబోయితిని. అయిదింట నాలుగనగా నూటికి ఎనుబది! మా వారి బడిలో ముప్పదియైదు వచ్చిన కృతార్థత, అరువది వచ్చిన మొదటి తరగతి. ఎనుబది వచ్చిన పిల్లవాని తల్లి వీథిలో మిఠాయి పంచును. కాని ఆ చుక్కల బడిలో నాలుగు వచ్చినవాడు తప్పినవాడేనట.

కంపెనీకొక లెక్క యుండవచ్చును గాని అందులోని కిటుకు ఇది. పదిమందిలో తొమ్మండుగురు అయిదేసి చుక్కలిచ్చి, ఒక్కరు ఒక చుక్క యిచ్చిరనుకొనుడు. సగటు 4.6. ఉండవలసినది 4.8 అయినచో, ఆ యొక్కరి మాటను కడిగికొనుటకు మరి పదిమంది వరుసగా అయిదేసి చుక్కలీయవలెను. అందులో మధ్య నావంటి యుదారురాలు నాలుగిచ్చినచో పని మరల వెనుకకు! సగముమంది అయిదును, సగముమంది నాలుగును ఇచ్చినను 4.5 మాత్రమే. మన మనస్సులో "బాగున్నది" అను మాటకు నాలుగు చుక్కలు. వారి పట్టికలో అది "బాగులేదు."

ఆ ఒక్క చుక్క యెందుకు పడినదో ఎవ్వరు నడుగరు. హోటలులో వంట ఆలస్యమై యుండవచ్చును, వాన పట్టియుండవచ్చును. పులుసు కారుటకు పొట్లము కట్టినవారు కారణము గాని మోసినవాడు గాడు. ఎవరి తప్పైనను మన వాకిట నిలిచిన ముఖము వానిదే గనుక దెబ్బ వానికే.

మార్కులు వేయుట సులభమైన పని కాదని మా యింటిలో నాకు బాగుగా తెలియును. పరీక్షల కాలమున మా వారు మూల్యాంకనమునకు పోవుదురు. జవాబుపత్రముమీద పిల్లవాని పేరుండదు. ఒకరు దిద్దినదానిని పైయధికారి కొన్నింటిని తీసి మరల చూచును. పిల్లవాడు రుసుము కట్టి మరల లెక్కింపుమని యడుగవచ్చును. ఇన్ని కట్టుబాట్లున్నను 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములలో ఎంత ఘోరము జరిగినది! మా ప్రక్కనున్న మంచిర్యాల జిల్లాలో ఒక బాలికకు తెలుగులో సున్న వచ్చినదని ప్రకటించిరి. మరల చూడగా తొంబదితొమ్మిది! ఆ నెలలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరన్న వార్తలు చదివి మా వారు రెండు దినములు అన్నము సరిగా తినలేదు. ఆ బాలిక సున్న తొంబదితొమ్మిదిగా మారుటకు కారణమేమి? జవాబుపత్రము మిగిలి యున్నది, అడుగుటకొక చోటున్నది. చుక్కలకు జవాబుపత్రము లేదు. ఎవరు వేసిరో, ఏనాడు వేసిరో, ఎందుకు వేసిరో వాడెరుగడు.

గని కార్మికుల ఇండ్లలోని స్త్రీలకు ఈ యన్యాయము ఇతరులకంటె త్వరగా అర్థము కావలెను. మనకు "చార్జిషీటు" అను మాట క్రొత్తది కాదు. మస్టరు తక్కువైనను, పనిలో తప్పు జరిగినను కంపెనీ మొదట కాగితమిచ్చును. అందులో నేరమేమో వ్రాసియుండును. సమాధాన మిచ్చుటకు గడువుండును. తరువాత విచారణ. తోడు ఒకరిని తీసికొని పోవచ్చును. విచారణ ముగియువరకు సస్పెండు చేసినను మొదటి 90 దినములు సగము జీతము, కార్మికుని తప్పులేక అంతకు మించి సాగినచో నూటికి 75 వంతులు ఇయ్యవలెను. 1946లో పుట్టిన స్టాండింగు ఆర్డర్ల చట్టము, దానికి పిదప జరిగిన సవరణలు ఇచ్చిన రక్షణ యిది. 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడులో కూడ ఈ భృతి నిలిచినది. ఇది ఎవరును దయతలచి యిచ్చినది కాదు. ఈ బొగ్గునేలమీద 1981లో జరిగిన 56 దినముల సమ్మె తలచినప్పుడు మా అత్తగారి వయస్సు స్త్రీలిప్పటికిని గంజి కాచుకొన్న దినములను చెప్పుదురు. ఒక్క దినము సమ్మె చేసినచో ఎనిమిది దినముల జీతము కోయుట కెదురుగా నాడు నిలిచిరి.

ఆ తండ్రికి కాగితము, గడువు, విచారణ. ఆతని కొడుకునకు? తెల్లవారి ఫోను తెరచునప్పటికి ఐడీ మూసివేయబడి యుండును. అంతే. ఎవరికి చెప్పుకొనవలెనన్నచో ఫోనులో ఒక యంత్రమే సమాధానము చెప్పును. సగము భృతి సంగతి సరేసరి. వాడు ఉద్యోగి కాడట, "భాగస్వామి" యట! భాగస్వామికి భాగ మేదో చూపినవారు లేరు.

భారతము ఆదిపర్వములో మాండవ్యుని కథ చదువుకొన్నవారు మనలో చాలమంది యున్నారు. మౌనవ్రతమున నున్న ముని యాశ్రమములో దొంగలు సొత్తు దాచిరి. భటులు వానిని గూడ కట్టి తెచ్చిరి. రాజు విచారింపక కొఱుత వేయించెను. కథలో నన్ను చిన్ననాటినుండి బాధించినది రాజు తప్పుకంటె తరువాతి భాగము. ఇంతటి శిక్ష యేల వచ్చినదని ముని యమధర్మరాజు నడుగగా, బాల్యమున నొక పురుగును పుడకతో గ్రుచ్చితివి గనుక అని సమాధానము వచ్చెను. అంత చిన్న తప్పునకు ఇంత పెద్ద శిక్షయా యని ముని కోపించి, శపించినది యమునే. ఆ యమధర్మరాజే విదురుడై పుట్టెను. కొలతతప్పిన శిక్షకు ధర్మదేవతకైనను జన్మ తప్పలేదు.

మన స్త్రీలకు మరింత దగ్గరి విషయమొకటి చెప్పెదను. నగరములలో ఇండ్లకు వచ్చి అలంకారపు పనులు చేయు స్త్రీలు 2021 అక్టోబరులో గురుగ్రామములో అర్బన్ కంపెనీ కార్యాలయము ముందర కూర్చుండిరి. కమీషను తగ్గింపుమనియు, చుక్కలు తగ్గెనని పని తీసివేయుట మానుమనియు వారి కోరిక. కొన్ని మార్పులకు కంపెనీ యొప్పుకొన్నది. డిసెంబరులో వారు మరల కూర్చుండగా కంపెనీ నలుగురు స్త్రీలమీద న్యాయస్థానమునకు పోయినది. 2023 వేసవిలో అదే కంపెనీ స్త్రీలు పలు నగరములలో మరల వీథికెక్కిరి. సగటు 4.7 కు తగ్గరాదని, నెలకు నాలుగుకంటె ఎక్కువ పనులు మానరాదని నియమములు పెట్టి, అవి తప్పినవారి ఐడీలు మూసివేయుచున్నారని వారి గోడు. నెలకు నాలుగు పనులు! నెలసరి నొప్పి, బిడ్డ జ్వరము, అత్తగారి వైద్యము, బంధువుల చావు, ఇవన్నియు ఆ నాలుగింట ఇమిడిపోవలెను. మా కుట్టుపనియామె నాలుగు దినములు నాకు మరల జ్ఞప్తికి వచ్చినవి.

మరియొక సంగతి కలదు. చుక్కలు వేయునప్పుడు మనము పనిని చూచుచున్నామా, మనిషిని చూచుచున్నామా? 2022 ఆగస్టులో హైదరాబాదులో ఒకరు భోజనము తెప్పించుకొనుచు, ముస్లిముచేత పంపవలదని సూచన వ్రాసిరి. తెలంగాణ గిగ్ కార్మికుల సంఘపు నాయకులు షేక్ సలావుద్దీన్ గారు దానిని బయటపెట్టగా దేశమంతట చెప్పుకొనిరి. ఆయన వ్రాసినాడు గనుక పట్టుబడినాడు. వ్రాయక చుక్క తగ్గించినవారిని పట్టువారెవరు? ఈ మాట ఊహ కాదు. అమెరికా కెనడా దేశములలో ఇండ్ల మరమ్మతులు చేయు పనివారిమీద జరిగిన పరిశీలన యొకటి 2025లో నేచర్ పత్రికలో వెలువడినది. అయిదు చుక్కల పద్ధతి యున్నంతకాలము, అదే పనికి తెల్లవారికి నూరు వచ్చినచోట ఇతరులకు తొంబదియొకటి మాత్రమే వచ్చినవి. చుక్కలు తీసివేసి "బాగున్నదా, లేదా" యను రెండే గుర్తులు పెట్టిన తరువాత ఆ తేడా మాయమైనదట. నాలుగునకును అయిదునకును నడుమనున్న యిరుకు సందులోనే మనుష్యుల పక్షపాతము దాగియుండుననుట! పేరు విని, యాస విని, కులమడుగు నలవాటు గల మన దేశములో ఆ సందెంత యుండునో మీరే యూహింపుడు.

అయినచో తప్పు చేసినవానిని గూర్చి నోరు మూసికొనవలెనా? ఎన్నటికిని కాదు. ఈ మాట గట్టిగా చెప్పవలెను, ఏలయన చెడ్డ యనుభవము కలిగినప్పుడు "పోనీలే, వాని పొట్ట కొట్టుటయెందుకు" అని స్త్రీలనే యూరకుండుమనుట మన యిండ్లలో నలవాటు. రాత్రివేళ బండిలో అసభ్యముగా మాటాడినవానిని, మన నంబరు దాచుకొని పిలుచువానిని మనము విడువరాదు. కాని అట్టివానికి ఒక చుక్క శిక్ష కాదు. ఉప్పు తక్కువైనందుకును ఒక చుక్కయే, చేయి పట్టినందుకును ఒక చుక్కయే యైనచో నిజమైన ఫిర్యాదు ఆ గుంపులో మునిగిపోవును. అట్టిది మాటలలో, తేదీతో, వేళతో, పేరు పెట్టి వ్రాయవలెను, పోలీసువారికి చెప్పవలెను. రెండవ పక్షము వినుటకు భయపడవలసిన పని సత్యము పలుకువారికి లేదు.

ప్రభుత్వము లిప్పుడిప్పుడే కన్ను తెరచుచున్నవి. ఈ పనివారి కొరకు మొదట చట్టము చేసినది రాజస్థానము, 2023లో. కర్ణాటకము 2025లో చేసిన చట్టమునుబట్టి, కారణము వ్రాసి, 14 దినములు ముందుగా తెలుపక వీరిని తీసివేయరాదు. మన తెలంగాణ ప్రభుత్వము 2025 ఏప్రిలులో తన ముసాయిదాను ప్రజల ముందుంచినది. ఐరోపా దేశముల కూటమి 2024లో చేసిన శాసనము యంత్రము మాత్రమే తీర్పు చెప్పి మనిషిని పనినుండి తొలగింపరాదనుచున్నది. 2022లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదికలో 2020-21 నాటికి దేశమున ఇట్టి పనివారు 77 లక్షలుందురని అంచనా వేసిరి. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలగుదురట. అందులో మన వీథి పిల్లలెందరో!

మా పుస్తకము సంగతి చెప్పి ముగించెదను. ఆ కుట్టుపనియామె పోయిన పిమ్మట రెండు నెలలు వెనుకపుటలు మూసియుంచితిమి. చింపివేయుదమని కొందరనిరి. నాకు మనసొప్పలేదు, ఆ పుటల మూలమున పని దొరికినవారును గలరు కదా. కొన్ని కట్టుబాట్లు చేసికొని మరల తెరచితిమి. వ్రాయువారు తమ పేరు, తేదీ వ్రాయవలెను. పనిని గూర్చియే వ్రాయవలెను, "పొగరు", "నంగనాచి" వంటి మాటలు కూడవు. దొంగతనమును సూచించు మాట ఏదైనను ఆ పనివారి నడిగిన తరువాతనే యెక్కవలెను. ప్రతి చెడ్డమాట క్రిందను నాలుగు గీతలు ఖాళీ యుంచి, వారి సమాధానమును వారిచేతనే వ్రాయింపవలెను. ఏడాది దాటిన మాటమీద కాగిత మంటింపవలెను, కొట్టివేయరాదు. ఓవర్‌మన్ గారి భార్యయే ఈ చివరి మాట సూచించినది. ఈ కట్టుబాట్లు వచ్చినపిమ్మట చెడ్డమాటలు చాల తగ్గినవి. పేరు పెట్టి వ్రాయవలసివచ్చునప్పటికి సగము కోపములు చల్లారుచున్నవని నాకు తోచుచున్నది. ఇరువదిమంది నడుమ ఇది సాధ్యమే. లక్షలమంది నడుమ చేయవలసినవారు లాభము తీసికొనుచున్న కంపెనీలవారు, చేయింపవలసినది ప్రభుత్వము. మనచేతిలో నున్నది మాత్రము మన బొటనవ్రేలు. ఆనాటినుండి నేను పని సరిగా జరిగినచో అయిదును నొక్కుచున్నాను, జరగనిచో అక్కడనే నిలిపి కారణ మడుగుచున్నాను.

మొన్నటి కార్తికమాసమున మంచిర్యాలకు ఒక పెండ్లికి పోవుచు ఆ పుస్తకమును సంచిలో పెట్టుకొంటిని. తయారుబట్టల దుకాణము వెనుక, మెట్లక్రింద, దీపమువద్ద ఆమె ఒక ప్యాంటు కాలు మడిచి కుట్టుచుండెను. నన్ను చూచి లేచి స్టూలు వేసెను. చిన్నవాడు ఏడవ తరగతికి వచ్చెనట. పుస్తకము తీసి, ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన వాక్యము చూపి, దాని క్రింద క్రొత్తగా అంటించిన తెల్లకాగితము చూపి, "నీ జవాబు ఇక్కడ వ్రాయవలెను" అంటిని. ఆమె కలము పుచ్చుకొనలేదు. "నాకు రాత సక్కగ రాదు. మీరే రాయుండ్రి, నేను చెప్త" అనెను.

నేను వ్రాయుచుంటిని. రవికగుడ్డ ఎనుబది సెంటీమీటర్లని చెప్పెను. చేతులకు చాలదని కోడలితో అన్నానని చెప్పెను. మిగిలిన ముక్క అరచేయి వెడల్పు కూడ లేదని, అది గూడ రవికలోపల కుట్టులో వేసితినని చెప్పెను. ఇంతలో యజమాని పిలిచెను. ఆమె లేచి రెండడుగులు వేసి మరల తిరిగి, "అక్కా, నాలుగొద్దులు ఆలస్యమైంది మాత్రం నిజమే. అది గూడ రాయుండ్రి" అనెను.